వైలోమా వంతెన దగ్గర ఆపిన కారు

వతుకాలో దీవి,
మే నెలాఖరు

అక్కా,

చేరాను. ఓడ ఎక్కింది మొదలు దిగేదాకా వాంతులే కాబట్టి ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు. పెద్దదీవిలో పుట్టినవాళ్ళు సముద్రానికి పనికిరారని బావ ఎప్పుడూ అంటాడు కదా, ఆ మాట నిజమేనని చెప్పు. సంతోషిస్తాడు.

ఇక్కడ పోలీసు ఠాణా అంటే రేవు పక్కన ఒక గది, ఒక వరండా, ఒక వైర్‌లెస్ సెట్టు. నాకు ముందున్నవాడు అదే ఓడలో తిరిగి వెళ్ళిపోయాడు. మెట్ల మీదే తాళంచెవి నా చేతిలో పడేసి, "జనం మంచివాళ్ళే. కానీ నిన్ను దగ్గరికి రానివ్వరు" అన్నాడు. అన్నట్టే అయింది. జబ్బున్న చోటు నుంచి వచ్చినవాణ్ణి కదా! ఉడికించిన కర్రపెండలం, చేప ఆకులో చుట్టి ఠాణా ముందున్న బండరాయి మీద పెట్టి, దూరం నుంచి ఓ కేక వేసి వెళ్ళిపోతారు. నన్ను విడిగా ఉండమన్న గడువు అయిపోయింది. నర్సు పరీక్ష చేసి ఏమీ లేదని చెప్పింది. అయినా వాళ్ళు రాయి దాటి రావడం లేదు. ఆదివారం చర్చి లోపలికి వెళ్ళకుండా బయట రొట్టెపండు చెట్టు కింద నిలబడి పాటలు వింటున్నాను. నేనూ పాడుతున్నాను, వాళ్ళకు వినపడనంత మెల్లగా.

ఇది మామూలు బదిలీయే. ఎవరో ఒకరు రావాలి, నాకు పెళ్ళాం పిల్లలు లేరు కాబట్టి నన్ను పంపారు. ఊళ్ళో ఇంకేమైనా అనుకుంటుంటే చెవిన పెట్టకు. బావను కూడా ఏమీ అడగకు.

ఇక్కడ ఫోను పనిచేయదు. వైర్‌లెస్‌లో మాట్లాడితే చుట్టుపక్కల దీవులన్నీ చెవులు రిక్కించి వింటాయి. కాగితమే దిక్కు. సరుకుల ఓడ నెలకోసారి వస్తుంది. మనుషుల్ని ఎక్కించుకోవడం మానేశారుగానీ ఉత్తరాలు తెస్తున్నారు. రాయి.

వైసాకే

*

నాసవు,
జూన్

తమ్ముడూ,

మామూలు బదిలీ అని ఎవరికి చెబుతావురా? ఊరంతటికీ తెలిశాక ఆఖర్న తెలిసింది నాకు. వైలోమా వంతెన దగ్గర రాతు సెవనాయా గారి కారు ఆపావట. ఆయనతో నిలబడి మాట్లాడావట.

ఆపడం ఒక ఎత్తు, నిలబడటం ఒక ఎత్తు. ఆయన ప్రాంతీయ మండలికి అధ్యక్షుడు, ఈ జబ్బు కోసం వేసిన సంఘానికి పెద్ద. అదంతా అటుంచు. ఆయన మన రాతు, తరతరాలుగా మన దొర. మన తాతలు ఆ ఇంటివాళ్ళ ముందు నేల మీద కూర్చుని, గౌరవంగా చేతులు చరిచి, అప్పుడు నోరు తెరిచేవాళ్ళు. ఇప్పుడు నేను పడుకుంటున్న ఈ ఇల్లు ఆయనది. మీ బావ పెనియాసి పట్టుకునే స్టీరింగ్ ఆయనది. నువ్వు కారు ఆపేముందు ఈ అక్క ఒకతి ఉందని గుర్తు రాలేదా?

పోయినావిడ ఆయన మేనత్త. నది అవతల ఊళ్ళో అంత్యక్రియలు. కానుకగా చాపలు, పందులు వేసుకుని వెళ్ళకపోతే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? నువ్వే ఆయన స్థానంలో ఉంటే ఆగేవాడివా?

ఆ రోజు బండి తాను నడపలేదని, వేరే డ్రైవర్ని తీసుకెళ్ళారని అన్నాడు మీ బావ. తానే ఉండి ఉంటే దిగి ఇద్దరికీ సర్దిచెప్పేవాణ్ణి అన్నాడు. అది నిజమే, ఆయనకు ఆ నేర్పు ఉంది. ఈ మధ్య నీ పేరెత్తితే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోతున్నాడు. ఇంతకుముందు నిన్ను ఏడిపించకుండా ముద్ద దిగేది కాదు. నీ మీద జోకులు లేని ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకిప్పుడు తెలిసింది.

సంత మూసేశారు. పొద్దున లేచి దుంపలు తవ్వుకుని, వండుకుని, తిని, గుమ్మంలో కూర్చుంటున్నాను. అసలేం జరిగిందో నువ్వే రాయి. ఇతరుల నోట వినడం నాకు బాగాలేదు.

తితిలియా

*

వతుకాలో,
జూలై

అక్కా,

సరే, చెబుతాను. ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళు కూడా.

ఆ పొద్దున వాన. వంతెనకు అడ్డంగా రెండు నూనె పీపాలు, వాటి మీద వెదురు బొంగు, అదే మా గేటు. నాతో కాపలా ఉన్న కుర్రవాడు టిఫిను తెచ్చుకోవడానికి వెళ్ళాడు. కారు వచ్చింది. వెనక చాపల కట్టలు, తాళ్ళతో కట్టేసిన పందులు. ఎవరి కారో దూరం నుంచే గుర్తుపట్టాను. సెల్యూట్ చేశాను. వెనక సీటు అద్దం కిందికి దిగింది.

"అయ్యా, క్షమించండి. ఈ గీత దాటడానికి ఎవరికీ అనుమతి లేదు. నిన్న రేడియోలో మీరే చదివారు" అన్నాను.

ఆయన నవ్వాడు. "అది జనానికి చదివాను" అన్నాడు.

నేను కదల్లేదు. ఆయన నవ్వు ఆగిపోయింది. "ఎవరి కొడుకువి నువ్వు? ఆ మాస్కు తియ్యి, మొహం చూడాలి" అన్నాడు. తీశాను. తీయకూడదని తెలుసు, ఎదురుగా ఉన్నాయనకూ మాస్కు లేదు. అయినా ఆ గొంతు వినగానే చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. "ఓహో, ఇలియేసా కొడుకువా! మీ నాన్న మా గడప మోకాళ్ళ మీద దాటేవాడు. నువ్వు నా నెత్తిన నిలబడి మాట్లాడుతున్నావు."

నిలబడటం ఒక ఎత్తు అని రాశావు. నిజం చెప్పనా, నా మోకాళ్ళు వంగబోయాయి. చిన్నప్పటి నుంచి అలవాటైన మోకాళ్ళు కదా. పీపా అంచు పట్టుకుని ఆపుకున్నాను. నేను కూర్చుంటే అక్కడ పోలీసు ఉండడు, ఇలియేసా కొడుకు ఉంటాడు. ఇలియేసా కొడుకు ఆ కారును ఎలా ఆపగలడు?

ఆయన ఫోను చేశాడు. మా ఇన్‌స్పెక్టర్ జీపులో వచ్చి, నా వంక చూడకుండా, వెదురు బొంగు తన చేత్తోనే ఎత్తి పక్కన పెట్టాడు. కారు దాటేదాకా నన్ను సెల్యూట్‌లో నిలబెట్టాడు. మాస్కు ఇంకా నా జేబులోనే ఉంది. రాతు అద్దంలోంచి తల బయటపెట్టి, "వీడికి సముద్రపు గాలి మంచిది" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. తర్వాతి వారమే నేను ఓడలో ఉన్నాను.

ఇదీ జరిగింది. అక్క ఒకతి ఉందని గుర్తు రాలేదా అన్నావు. వచ్చింది. కారు కనపడగానే మొదట గుర్తొచ్చింది నువ్వే.

నడిపినవాడెవరో నేను గమనించలేదు. అద్దం నిండా వాన.

ఇక్కడ పెద్ద సంగతులేమీ లేవు. ఒక మేక దొంగతనం కేసు వచ్చింది. విచారిస్తే మేక తనంతట తానే వెళ్ళిపోయిందని తేలింది. ఫిర్యాదు చేసినావిడ నాకు దూరం నుంచే కృతజ్ఞతలు చెప్పింది.

వైసాకే

*

నాసవు,
ఆగస్టు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మడిచి పెట్టేశాను. దాని గురించి ఇప్పుడేమీ రాయను. ముందు ఇక్కడి సంగతి విను.

అంత్యక్రియల తర్వాత అవతల ఊళ్ళో జబ్బు పుట్టింది. అక్కడి నుంచి ఇవతలికి వచ్చింది. మన బడిని ఆసుపత్రి చేశారు, బల్లలన్నీ బయట వానలో తడుస్తున్నాయి. నల్లటి సంచుల్లో మనుషుల్ని తీసుకెళ్ళడం ఈ కళ్ళతో చూశాను. పేర్లు రాయను. నీకు తెలిసినవాళ్ళే.

పోయిన వారం రాతు రేడియోలో మాట్లాడారు. వంతెన దగ్గర పోలీసుల నిర్లక్ష్యం వల్లే జబ్బు నది దాటిందని, బాధ్యులైన వాళ్ళను ఇప్పటికే దూరంగా పంపేశామని అన్నారు. మీ బావ రేడియో కట్టేసి, దాన్ని తీసుకెళ్ళి దుప్పట్ల కింద పెట్టాడు. మర్నాడు పంపు దగ్గర ఒకావిడ, "మీ తమ్ముడు గేటు బార్లా తెరిచిపెట్టి నిద్రపోయాడటగా?" అంది. వాళ్ళ పిల్లవాడు బడిలో పడి ఉన్నాడు. బిందె సగంలోనే తీసుకుని వచ్చేశాను. అప్పటి నుంచి అందరూ వెళ్ళాక వెళ్తున్నాను.

పెదనాన్న ఇదంతా చూడలేక మన ఇంటి తరఫున క్షమాపణకు వెళ్ళాడు. తిమింగలం పన్ను రెండు చేతుల్లో పట్టుకుని, ఆ వయసులో, గుమ్మం నుంచి చాప దాకా మోకాళ్ళ మీద వెళ్ళాడు. రాతు పన్నును తాకి, స్వీకరించారు. కుర్రాడు కుర్రాడే, తిరిగి తెప్పిద్దాం అన్నారట. ఒక కాగితం ఇచ్చారు. ఆ పొద్దున నువ్వు కాసేపు గేటు వదిలి వెళ్ళావని, ఆ సమయంలో బళ్ళు దాటి ఉండొచ్చని అందులో ఉంది. దీంతో పాటు పంపుతున్నాను. సంతకం పెడితే వచ్చే ఓడకు ఇక్కడుంటావు.

పెట్టరా. నువ్వు రాసింది నేను నమ్ముతున్నాను. కానీ నాకు నువ్వు కావాలి, నీ నిజం కాదు. సాయంత్రం అయ్యేసరికి ఈ ఊళ్ళో నాతో మాట్లాడేవాళ్ళు లేరు.

మీ బావకు కొంచెం జలుబు. కంగారు పడకు.

తితిలియా

*

వతుకాలో,
సెప్టెంబరు

అక్కా,

కాగితం తిరిగి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు.

పెదనాన్న ఏ తప్పుకు మోకాళ్ళ మీద నడిచాడో ఆయన్నే అడుగు. పన్ను ఇచ్చాక తప్పు మనదే అవుతుంది. ఇప్పుడు సంచుల్లో వెళ్ళినవాళ్ళు కూడా మన ఖాతాలోనే.

రాజధాని సువా నుంచి విచారణాధికారిణి ఒకామె వైర్‌లెస్‌లో మాట్లాడింది. జబ్బు నది ఎలా దాటిందో తేల్చమని ఆమెను వేశారట. నేను జరిగింది చెప్పాను. ఇన్‌స్పెక్టర్ కాదంటున్నాడు, రాతు ఆ రోజు ఇల్లే కదల్లేదంటున్నారు, అంత్యక్రియల్లో ఆయన్ను చూసినవాళ్ళెవరూ నోరు విప్పడం లేదు అంది. "కారు నడిపిందెవరో చెప్పు, అతన్ని అడుగుతాను. నీ మాటకు ఒక్క సాక్షి చాలు" అంది. తెలియదన్నాను. "కానిస్టేబుల్, నువ్వు ఆపిన కారు డ్రైవర్ మొహం నువ్వే చూడలేదా?" అంది. చూడలేదన్నాను. దీవులన్నీ విని నవ్వుకుని ఉంటాయి.

నీకు నా నిజం అక్కర్లేదన్న ముక్క చాలాసార్లు చదివాను. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళు పొద్దున కూడా లేరు. అయినా అలాంటి మాట నేను నీకు రాయలేదు.

వైసాకే

*

నాసవు,
సెప్టెంబరు చివర

తమ్ముడూ,

కోపంగా ఉన్నా ఇది పూర్తిగా చదువు.

మీ బావది జలుబు కాదు. నీకు రాసినప్పటికే కాదు. మర్నాడే బడికి తీసుకెళ్ళారు. లోపలికి రానివ్వరు. కిటికీ బయట బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఆయనతో మాట్లాడుతున్నాను. ఆయన మంచం కిటికీ పక్కనే, అంతవరకు అదృష్టం.

నీ ఉత్తరం అక్కడే చదివి వినిపించాను. నువ్వు నామీద కోప్పడ్డావని చెబితే నీ తరఫున నన్ను రెండు తిట్టి నవ్వుతాడనుకున్నాను. డ్రైవర్ మొహం చూడలేదన్నావన్న చోటికి వచ్చేసరికి గోడ వైపు తిరిగిపోయాడు. చాలాసేపు పిలిచాను. తర్వాత ఇటు తిరక్కుండానే చెప్పాడు.

"నేనే నడిపాను, తితిలియా. వాడు అద్దంలోంచి సూటిగా నా వంకే చూశాడు. నేను వైపర్ వంక చూశాను."

ఆయనే మళ్ళీ, "రాతు వాణ్ణి మాస్కు తీయమన్నప్పుడు దిగుదామనుకున్నాను. తలుపు పిడి మీద చెయ్యి వేశాను కూడా. ఈ ఇల్లు గుర్తొచ్చింది, నువ్వు గుర్తొచ్చావు. చెయ్యి తీసేశాను. వాడు ఇప్పుడు నా పేరు దాచి అక్కడ కుళ్ళిపోతున్నాడు" అన్నాడు.

మీరిద్దరూ నన్నే గుర్తు చేసుకుని, ఒకడు దీవిలో, ఒకడు ఈ మంచం మీద. నేను గుమ్మంలో కూర్చుని ఇద్దర్నీ తిట్టుకుంటున్నాను.

నర్సు ఫోను అడిగి తీసుకుని ఆ అధికారిణికి తానే చెప్పాడు. జనానికి చదివానన్న మాట, మాస్కు తీయించడం, ఇన్‌స్పెక్టర్ బొంగు ఎత్తడం, సముద్రపు గాలి అన్నీ చెప్పాడు. మధ్యలో ఊపిరి అందక ఆగితే ఆమె తర్వాత మాట్లాడదాం అందట. వద్దు, ఇప్పుడే రాసుకోండి అన్నాడు. నేను కిటికీ బయట నిలబడి అంతా విన్నాను.

ఆ మాట రాతు ఇంటికి ఎలా చేరిందో తెలియదు, మర్నాడు ఆయన మనిషి వచ్చాడు. ఇల్లు వేరేవాళ్ళకు కావాలి, ఖాళీ చెయ్యమన్నాడు. ముక్కు మూసుకుని, గుమ్మం ఎక్కకుండానే చెప్పి వెళ్ళాడు. సరేనన్నాను. విచిత్రం, నాకేమీ అనిపించలేదు.

నీ నిజం అక్కర్లేదని రాసింది ఈ చెయ్యే. దానికి ఏమని రాయాలో తెలియడం లేదు.

ఆయన ఒకటే అడుగుతున్నాడు, వాడు నాతో మళ్ళీ పరాచికాలాడతాడా అని. ఓడ రేపు వెళ్తుందట, అందుకే తొందరగా రాస్తున్నాను. ఏదైనా రాయి.

తితిలియా

*

వతుకాలో,
అక్టోబరు

అక్కా, ఇది బావకు. కిటికీ దగ్గర గట్టిగా చదువు. తిట్లు వదిలేయకు.

ఏమయ్యా బావా,

మంచం మీద పడుకుని మా అక్కను బకెట్ మీద కూర్చోబెట్టావట, సిగ్గు లేదా? పెళ్ళిచూపులకు వచ్చినప్పుడే అనుకున్నాను నీ సంగతి. నువ్వు తెచ్చిన పంది ఎంత బక్కగా ఉందంటే మా వీధి కుక్కలు దాన్ని చూసి జాలిపడ్డాయి. అయినా అక్కను ఇచ్చాం. ఆ నష్టం ఇంకా పూడలేదు.

క్షమాపణ అంటే తిమింగలం పన్ను తేవాలి. నీ దగ్గరున్నది ఆ ముందు పన్ను ఒక్కటే, అదీ ఇవాళో రేపో ఊడిపోయేది. అది ఊడాక ఆకులో చుట్టి పంపు, స్వీకరిస్తాను. అందాకా నువ్వు నాకు పడ్డ అప్పు అలాగే ఉంటుంది.

ఇప్పుడు అక్కను కాస్త మెల్లగా చదవమను.

బావా, నేను నిన్ను చూశాను. నువ్వు వైపర్ వంక చూడటమూ చూశాను, తలుపు పిడి మీద నీ చెయ్యీ చూశాను. నువ్వు దిగి ఉంటే ఏమయ్యేది? ఇద్దరం ఈ ఓడ ఎక్కేవాళ్ళం. దారంతా నేను కక్కుతుంటే నువ్వు నవ్వుతూ కూర్చునేవాడివి. అక్క ఒక్కతే అయ్యేది. నువ్వు దిగనందుకు నేను నిన్నేమీ అనుకోలేదు. అనుకున్నాను, రెండు మూడు వారాలు. తర్వాత ఇక్కడి గాలికి అది పోయింది. ఇప్పుడు నువ్వు చేసింది నేను చెయ్యగలిగేవాణ్ణి కాదు. నేను ఒక్క కారుకే ఎదురు నిలబడ్డాను, అదీ పీపా పట్టుకుని. నువ్వు ఇంటిని, తిండిని వదులుకుని, ఊపిరి లేకుండా మాట్లాడావు.

లేచి రా. ఇక్కడ చేపలకు గాలమంటే ఏమిటో తెలియదు. ఎరలేకుండానే పడతాయి, నీలాంటివాడు కూడా పట్టొచ్చు. ఠాణాలో ఇద్దరికి చోటుంది. అక్కకు వరండా. ఇల్లు పోయిందని దిగులు పడకండి, ఇల్లంటే ఏముంది, వానకు తడవకుండా ఉంటే చాలు.

నీ బావమరిది,
వైసాకే

*

నాలోతో, పెదనాన్న ఇల్లు,
నవంబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చేసరికి ఆయన లేడు.

వైర్‌లెస్‌లో చెప్పించమని పెదనాన్న అన్నాడు. నేనే వద్దన్నాను. అన్ని దీవులూ వింటుండగా నీకు ఆ మాట తెలియడం నాకిష్టం లేకపోయింది. మన్నించు.

చివరి రోజు కాస్త తేరుకున్నట్టే ఉన్నాడు. కొబ్బరినీళ్ళు అడిగాడు. నేను కాయ కొట్టి తెచ్చేలోపు కిటికీ మూసేశారు. సంచిలో తెచ్చారు, మనుషులెవరో తెలియకుండా తెల్లటి బట్టలు కప్పుకున్నవాళ్ళు గోతిలోకి దింపారు. పాదిరి దూరం నుంచి ప్రార్థన చెప్పాడు. రోడ్డు మీద కాపలా ఉన్న ఇద్దరు పోలీసులు టోపీలు తీసి నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు తర్వాత నా దగ్గరికి వచ్చి, వంతెన దగ్గర నీతో ఉన్నది తానేనని, ఆ పొద్దున టిఫిను కోసం వెళ్ళకుండా ఉండాల్సిందని చెప్పి ఏడ్చాడు. వాడికి నేనే ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

రాతు ఒక తిమింగలం పన్ను పంపారు, పోయినవాడికి గౌరవంగా. పెదనాన్న దాన్ని నా ముందు పెట్టి ఏం చేద్దామన్నాడు. ఇంతవరకు ఆయన నన్ను ఏదీ అడిగి ఎరుగడు. నేను తీసుకోనన్నాను. నన్ను బలవంతం చేస్తాడనుకున్నాను. చేయలేదు. దాన్ని గుడ్డలో చుట్టి, తానే నడిచి వెళ్ళి తిరిగి ఇచ్చి వచ్చాడు. అక్కడ ఏం మాట్లాడారో చెప్పలేదు. వచ్చి కాళ్ళు కడుక్కుని చాలాసేపు వరండాలో ఒక్కడే కూర్చున్నాడు.

విచారణ అయిపోయింది. మీ ఇన్‌స్పెక్టర్ను సెలవు మీద పంపారు. రాతు ఆరోగ్యం బాగాలేదని ఆ సంఘం నుంచి తప్పుకున్నారు. మండలికి మాత్రం ఇప్పటికీ ఆయనే అధ్యక్షుడు. పోలీసుల నిర్లక్ష్యమని చెప్పిన రేడియో అది తప్పని ఇంతవరకు చెప్పలేదు, చెబుతుందని ఎవరూ ఎదురుచూడటమూ లేదు. నిన్ను వెనక్కి పిలిచారని ఆ అధికారిణి ఫోను చేసి చెప్పింది. ఆర్డరు ఈ ఓడలోనే వస్తుందట. పెనియాసి గారి మాటల వల్లే తేలింది అంది. ఆయన పేరు చివర ‘గారు’ పెట్టింది. ఆయన వింటే ఎంత పొంగిపోయేవాడో.

నీ ఉత్తరం సమాధి దగ్గరికి తీసుకెళ్ళి చదివాను. గట్టిగానే, తిట్లు వదలకుండా. ఊడిపోయే పన్ను దగ్గర నాకు నవ్వొచ్చింది. దారిన పోయేవాళ్ళు నాకు మతి పోయిందనుకుని ఉంటారు.

మనవాళ్ళు పోతే ఇల్లు నిండా మనుషులుండాలి కదరా. వచ్చేవాళ్ళ కోసం చాప పరిచాను. అలవాటు కొద్దీ పరిచాను. ఎవరూ రాలేదు. రాకూడదు కూడా, అది రూలే. నువ్వు వంతెన దగ్గర నిలబడింది ఆ రూలు కోసమే. సాయంత్రం దాకా చూసి నేనే చుట్టేశాను.

అక్క

*

వతుకాలో,
డిసెంబరు

అక్కా,

ఓడ వాళ్ళు నీ ఉత్తరమూ, ఆర్డరూ ఒకేసారి చేతిలో పెట్టారు. నీ ఉత్తరమే ముందు విప్పాను. రేవులో బియ్యం బస్తాల మీద కూర్చుని చదివాను. ఆ తర్వాత చుట్టూ జనం ఉన్నారన్నది కూడా మరిచి, బావా, బావా అని ఏడ్చేశాను. లేచేసరికి బస్తాలన్నీ మోసేశారు, నేను కూర్చున్న రెండింటినీ మాత్రం కదపకుండా వదిలేశారు. ఎవరూ ఏమీ అడగలేదు.

వచ్చే ఓడలో బయల్దేరుతున్నాను. మనుషుల్ని ఎక్కించుకోరుగానీ ఆర్డరు చూపిస్తే సరుకుల మధ్య చోటిస్తామన్నారు. పెదనాన్న ఇంట్లో ఉండు. ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడ ఉండాలో వచ్చాక చూసుకుందాం. బావ ఉద్యోగం పోయిన చోట నా ఉద్యోగం నిలబడింది, దాని జీతం ఇద్దరం తిందాం.

ఒక సంగతి చెప్పాలి.

ఉత్తరం అందిన ఆ మధ్యాహ్నం ఠాణా వరండాలో కూర్చున్నాను. ఒడ్డు వెంబడి మనుషులు వరసగా నడిచి వస్తున్నారు. ముందు ఊరి పెద్ద, వెనక మగవాళ్ళు, ఆ వెనక ఆడవాళ్ళు. చేతుల్లో యంగోనా వేళ్ళ కట్ట, కొత్త చాప. బండరాయి దగ్గర ఆగుతారనుకున్నాను. ఆగలేదు. వరండా ముందు ఇసుకలో చాప పరిచి కూర్చున్నారు. నేనూ దిగి వాళ్ళకు ఎదురుగా కూర్చున్నాను.

ఊరి పెద్ద మెల్లగా అడిగాడు, "పోయినాయన పేరేమిటి బాబూ?"

పెనియాసి అన్నాను. మా అక్క మొగుడు అన్నాను.

ఆయన చేతులు చరిచి, పరామర్శ మాటలు మొదలుపెట్టాడు. ఎన్నడూ చూడని మనిషి పేరును ప్రతి వాక్యంలోనూ పలికాడు. పెనియాసి వంశాన్ని, పెనియాసి ఊరిని, పెనియాసి వదిలి వెళ్ళిన ఆడమనిషిని. ఆ పేరు ఇక్కడి గాలిలో వినడం నాకదే మొదలు. మాటలు పూర్తయ్యాయి. ఇప్పుడు పోయినవాడి తరఫున ఎవరైనా ఆ కట్టను అందుకుని జవాబు చెప్పాలి కదా. ఇంట్లో అయితే పెదనాన్న ఉంటాడు, పదిమంది ఉంటారు. ఇటువైపు నేనొక్కణ్ణే. నోరు తెరిస్తే ఏడుపు తప్ప ఏమీ వచ్చేలా లేదు.

అప్పుడు వాళ్ళ వరసలో చివరి నుంచి ఒక ముసలాయన లేచాడు. చర్చి దగ్గర నన్ను చూసి ఎప్పుడూ తప్పుకుపోయే మనిషి. నడుం వంచి, అందరి ముందు నుంచి చాప దాటి వచ్చి, నా పక్కన నా భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ చాచి ఆ కట్టను అందుకున్నాడు. "మా పెనియాసి కోసం వచ్చినందుకు" అని మొదలుపెట్టి, తన సొంత బావ పోయినట్టు, మన తరఫున ఆయనే జవాబు చెప్పాడు.

యంగోనా వేళ్ళు దంచి, తాగడానికి నీళ్ళలో కలిపారు. మొదటి చిప్ప నాకిచ్చారు. పొద్దు వాలేదాకా కూర్చున్నారు.

నువ్వు పరిచిన చాప మీద ఎవరూ కూర్చోలేదని రాశావు. ఇక్కడ కూర్చున్నారక్కా.

వైసాకే